రోజుకి మూడు వాక్యాలు: మధ్యలో ఆగిపోని డైరీ అలవాటు చేసుకోవడం ఎలా

వంటింటి గోడకున్న క్యాలెండర్‌ని ఒకసారి దగ్గరగా చూడండి. పాలపాకెట్ తక్కువ వేసిన రోజు చుట్టూ సున్నా ఉంటుంది. గ్యాస్ బండ మార్చిన తేదీ మీద ‘గ్యా’ అని రాసి ఉంటుంది. పనమ్మాయి రాని రోజులకి అడ్డగీతలు, ఓ మూల ఎవరిదో ఫోన్ నంబరు. ఆ ఇంట్లో ఎవరికీ డైరీ రాసే అలవాటు లేదనే అందరూ అంటారు. కానీ ఆ రాత ఏళ్ళ తరబడి ఆగకుండా నడుస్తోంది. ఎందుకంటే క్యాలెండర్ ఎప్పుడూ కళ్ళెదురుగా ఉంటుంది, పెన్ను పక్కనే వేలాడుతుంటుంది, రాయడం అరనిమిషం పని, రాసింది నెలాఖరుకి పనికొస్తుంది. పైగా దాన్ని గొప్పగా రాయాలని ఎవరూ అనుకోలేదు.

జనవరి ఒకటిన మొదలై సంక్రాంతికి ఊరెళ్ళొచ్చేసరికి ఆగిపోయే డైరీల్లో ఈ గుణాలేవీ ఉండవు. వాటిని డైరీలోకి ఎలా తెచ్చుకోవాలో, విశాఖలాంటి ఊళ్ళో ఉండేవాళ్ళకి ఏవి అడ్డొస్తాయో ఒక్కొక్కటిగా చెబుతాను.

ముందు ఎందుకో తేల్చుకోండి

డైరీ రాయడానికి కారణాలు మూడు రకాలు. జరిగింది గుర్తుండాలని కొందరు రాస్తారు. మనసులో చిక్కుపడింది విప్పుకోవాలని కొందరు. చదువో, వ్యాపారమో, షుగరో, బరువో, ఏదో ఒకటి ఎక్కడిదాకా వచ్చిందో చూసుకోవాలని ఇంకొందరు. మొదటి నెలకి వీటిలో ఒక్కటే ఎంచుకోండి. మూడూ ఒకేసారి పెట్టుకుంటే ప్రతి రాత్రీ ‘ఈ రోజు ఏం రాయాలి’ అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోతారు. ఏది ఎంచుకోవాలో తెలియకపోతే మొదటిది ఎంచుకోండి. జరిగింది రాయడం అన్నిటికంటే తేలిక. మిగతా రెండూ దాని వెనకే వచ్చేస్తాయి.

పుస్తకం, పెన్ను

బీమా ఏజెంటో బ్యాంకువాళ్ళో కొత్త సంవత్సరానికి ఇచ్చే తేదీల డైరీ వద్దు. దాన్ని పాల లెక్కకి ఇచ్చేయండి. అందులో రోజుకో పేజీ ముందే అచ్చయి ఉంటుంది. నాలుగు రోజులు జ్వరమొస్తే నాలుగు తెల్ల పేజీలు మిగిలిపోయి, తెరిచినప్పుడల్లా గుచ్చుతుంటాయి. పెద్ద పేజీ ఎదురుగా ఉంటే నింపాలన్న టెన్షన్ ఒకటి. మామూలు రూళ్ళ నోట్‌బుక్ తీసుకుని తేదీ మీరే వేసుకోండి. అప్పుడు మంగళవారం కిందే శనివారం రాసినా పుస్తకం ఏమీ అనదు.

విశాఖలో ఇంకో సంగతి చూసుకోవాలి. ఉప్పుగాలికి ఇనుము తొందరగా తుప్పు పడుతుంది. మధ్యలో పిన్నులు కొట్టిన పుస్తకం కొన్నేళ్ళు ఉంచితే పిన్నుల చుట్టూ గోధుమరంగు మరక పాకి, కాగితం అక్కడే ఊడొస్తుంది. అందుకే దారంతో కుట్టిన బైండు పుస్తకం అడగండి. స్పైరల్ కావాలనుకుంటే ప్లాస్టిక్ స్పైరల్ వేయించండి. వేసవిలో చెయ్యి చెమట పట్టి జెల్ పెన్ను ఇంకు అలుక్కుపోతుంది, ఇంకుపెన్నుదైతే పల్చటి కాగితం మీద ఊరిపోతుంది. పది రూపాయల బాల్ పెన్ను చాలు. ఖరీదైన తోలు అట్ట డైరీ కొనకపోవడమే నయమంటాను. అంత మంచి పుస్తకంలో ‘ఈ రోజు వంకాయ కూర మాడింది’ అని రాయడానికి చెయ్యి రాదు, రాయాల్సినవేమో సరిగ్గా అలాంటివే.

గడియారానికి కాదు, ఒక పనికి కట్టండి

‘రోజూ రాత్రి తొమ్మిదిన్నరకి రాస్తాను’ అనుకోవడం తేలికే. తొమ్మిదిన్నరకి చుట్టాలుంటారు, పిల్లాడి హోంవర్కు మిగిలి ఉంటుంది, మ్యాచ్ చివరి ఓవర్లలో ఉంటుంది. దానికంటే ఎలాగూ చేసే ఒక పని పట్టుకుని, దాని వెనకే డైరీని పెట్టాలి. ‘స్టవ్ తుడిచిన వెంటనే వంటింటి గట్టు మీదే రాస్తాను’, ‘ఫోన్ ఛార్జింగ్‌కి పెట్టిన వెంటనే మంచం మీద కూర్చుని రాస్తాను’ అని. ఏ పని తర్వాత, ఎక్కడ కూర్చుని, ఏం చేస్తామో ముందే ఇలా ఒక వాక్యంగా చెప్పుకున్నవాళ్ళు, ఊరికే ‘చెయ్యాలి’ అనుకున్నవాళ్ళకంటే ఎక్కువగా ఆ పని చేసి చూపించారని మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ పరిశోధనలు తేల్చాయి. ఆ వాక్యాన్ని పుస్తకం మొదటి పేజీలో రాసి పెట్టండి.

ఈ పద్ధతి స్టీల్‌ప్లాంటులోనో, పోర్టులోనో, ఆసుపత్రిలోనో షిఫ్టుల్లో పనిచేసేవాళ్ళకి మరీ అవసరం. ఈ వారం పొద్దున్న ఆరుకి డ్యూటీ ఎక్కాలి, వచ్చే వారం రాత్రి పదికి. గడియారంలో ఏ టైమూ వాళ్ళకి రోజూ కుదరదు. ‘డ్యూటీ నుంచి వచ్చి స్నానం చేశాక’ అనుకుంటే అది పగలైనా రాత్రయినా నడుస్తుంది. రాత్రి షిఫ్టు (సీ షిఫ్టు) వాళ్ళకి తేదీ దగ్గర తికమక వస్తుంది: రాత్రి పదికి మొదలైన డ్యూటీ ఏ రోజు కింద రాయాలని. డ్యూటీ ఎక్కిన తేదీయే వేయండి, ఎప్పుడూ అదే పాటించండి.

గాజువాక నుంచి మద్దిలపాలెం దాకా బస్సులో వెళ్ళొచ్చేవాళ్ళు బస్సులో రాయొచ్చు కదా అంటారు. సీటు దొరికిన రోజున రాయొచ్చు. దొరకని రోజులే ఎక్కువ కాబట్టి ఆ ప్రయాణాన్ని ఏం రాయాలో తలుచుకోవడానికి వాడుకోండి. మూడు సంగతులు మనసులో ఏరిపెట్టుకుంటే ఇంటికొచ్చాక రాయడం మూడు నిమిషాల పని.

పుస్తకం ఎక్కడుంచాలన్నది చిన్న విషయం కాదు. బీరువాలో పెట్టిన డైరీ వారంలో మరుగున పడుతుంది. తలగడ పక్కనో, గ్యాస్ గట్టు పైన షెల్ఫులోనో, మీరు కట్టిన పని జరిగే చోటే ఉండాలి. పెన్ను దానికే గుచ్చి ఉండాలి. పెన్ను వెతకడానికి లేచారంటే ఆ దారిలో టీవీ ఉంటుంది.

మొదటి రెండు వారాలు: చూసింది, విన్నది, చేసింది

అసలు విషయం ఇక్కడుంది కాబట్టి కాస్త నెమ్మదిగా చెబుతాను.

కొత్తగా మొదలుపెట్టినవాళ్ళ డైరీలో సాధారణంగా ఇలా ఉంటుంది: “ఈ రోజు బోర్‌గా గడిచింది. ఏమీ జరగలేదు. మూడ్ బాగోలేదు.” ఆరు నెలల తర్వాత తెరిస్తే అది ఏ రోజో మీకే తెలియదు. అలాంటి పేజీలు నాలుగు చదివితే ‘ఎందుకు రాస్తున్నాను’ అనిపిస్తుంది, ఆ వారమే డైరీ ఆగిపోతుంది. రాయడానికి ఓపిక లేక ఆగిపోయిన డైరీలకంటే, రాసింది చదవబుద్ధి కాక ఆగిపోయినవే ఎక్కువని నా నమ్మకం.

అదే రోజుని ఇలా రాయొచ్చు:

“మే 14, గురువారం. పొద్దున్న ఎనిమిదికే ఉక్కపోత, చొక్కా రెండుసార్లు మార్చాను. చేపలామెని వంజరం అడిగితే ‘వేట బంద్ కదా బాబూ, జూన్ పదిహేను దాటనీ’ అంది. రాత్రి కరెంటు పోతే అందరం మేడ మీదకెళ్ళాం, నాన్న తన మొదటి జీతం 340 రూపాయలని చెప్పారు.”

ఇందులో ఉన్నవి మూడే వాక్యాలు. ఒకటి చూసింది లేదా ఒంటికి తెలిసింది, ఒకటి విన్నది, ఒకటి జరిగింది. మనసు ఎలా ఉందో ఎక్కడా రాయలేదు, అయినా ఆ రాత్రి మేడ మీద మనసు బాగానే ఉందని తెలుస్తోంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరపడవల వేట ఆపేస్తారన్న సంగతీ అందులోనే నమోదైపోయింది.

మూడింటిలో నేను ఎక్కువ విలువిచ్చేది ‘విన్నది’కి. ఒకరన్న మాటని వాళ్ళన్నట్టే రాయండి. కూరగాయలామె “ఏటమ్మా, రెండ్రోజులై కానరాలేదు?” అంటే అలాగే రాయాలి, ‘కూరగాయల ఆమె నన్ను పలకరించింది’ అని రాస్తే మనిషి పోయి సమాచారం మిగులుతుంది. పిల్లల మాటలైతే మరీను. మూడేళ్ళ పిల్ల సముద్రాన్ని చూసి ఏమందో అప్పటికి మరిచిపోలేమనిపిస్తుంది, ఏడాది తిరిగేసరికి ఇంట్లో ఒక్కరికీ సరిగ్గా గుర్తుండదు.

ఇంకో చిట్కా: వీలైన రోజున ఒక అంకె వేయండి. రైతుబజారులో టమాటా ధర, ఆటో ఛార్జీ, కొలిచిన బీపీ, చదివిన పేజీలు, ఏదైనా సరే. పేర్లు కూడా పేర్లుగానే రాయండి. ‘బీచ్‌కి వెళ్ళాం’ కంటే ‘ఋషికొండ వెళ్ళాం, ఎర్రజెండా పెట్టి నీళ్ళలోకి దిగనివ్వలేదు’ అన్నది పదేళ్ళయినా కళ్ళకి కడుతుంది.

రెండు వారాల దాకా మూడు వాక్యాలు దాటకండి. రాయాలని ఊపు వచ్చినా ఆపండి. ఇది చాలామందికి నచ్చదు, కానీ మొదటి ఆదివారం నాలుగు పేజీలు రాస్తే సోమవారం నుంచి ఆ నాలుగు పేజీలే కొలతైపోతాయి. మూడు వాక్యాలు కూడా రానంత అలసట ఉన్న రోజు తేదీ, వారం, ఒక మాట: “జూలై 3, శుక్రవారం. వాన.” అది కూడా రాసినట్టే లెక్క.

ఏ భాషలో

మాట్లాడే భాషలో. ఇంట్లో ‘ఎలగెలగ’ అనేవాళ్ళు పుస్తకం తెరవగానే ‘ఏ విధముగా’ అని మొదలుపెడతారు. స్కూల్లో వ్యాసాలు రాయించిన ప్రభావం అది. నాలుగో రోజుకి ఆ భాష బరువెక్కి రాత ఆగిపోతుంది. విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి విశాఖలో స్థిరపడ్డ ఇళ్ళలో ఆ యాస పిల్లల దగ్గరికొచ్చేసరికి పల్చబడుతోంది. అమ్మమ్మ మాట అమ్మమ్మ యాసలోనే మీ పుస్తకంలో ఉంటే, అది ఇంకెక్కడా దొరకని రికార్డు.

ఇంగ్లీషు మీడియంలో చదివి తెలుగు రాయడం కష్టమైనవాళ్ళు ఇంగ్లీషులోనే రాసుకోండి, తప్పేం లేదు. విన్న మాటలు మాత్రం తెలుగులో ఉంచండి, ఒత్తులు తప్పినా ఫరవాలేదు. వాడుక భాష కోసం అంత పోరాడిన గురజాడ అప్పారావు గారు కూడా తన డైరీలు ఎక్కువగా ఇంగ్లీషులోనే రాసుకున్నారు. కాబట్టి ఆ విషయంలో మనల్ని ఎవరూ తప్పుపట్టలేరు.

బరువైన రోజులు

రెండు వారాలు దాటాక, కావాలనుకున్న రోజున ఎక్కువ రాయొచ్చు. గొడవ జరిగింది, ఉద్యోగం పోయేలా ఉంది, ఇంట్లో ఒకరు పోయారు. అలాంటప్పుడు మూడు వాక్యాలు చాలవు.

దీని గురించి అమెరికాలో జేమ్స్ పెన్నిబేకర్, శాండ్రా బీల్ 1986లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. కాలేజీ విద్యార్థులు వరుసగా 4 రోజులు, రోజుకి 15 నిమిషాలు తమని బాగా కలచివేసిన సంఘటన గురించి రాశారు. ఏం జరిగిందో, తమకేమనిపించిందో రెండూ కలిపి రాసినవాళ్ళు తర్వాతి నెలల్లో క్యాంపస్ ఆరోగ్యకేంద్రానికి తక్కువసార్లు వెళ్ళారు. రాసిన వెంటనే మాత్రం వాళ్ళ మనసు ఇంకా బరువెక్కింది. ఆ రెండో సంగతి గుర్తుంచుకోవాలి. అలాంటి రాత పడుకునే ముందు పెట్టుకోకండి, సాయంత్రమే రాసి, కాసేపు అలా నడిచి రండి. ఎప్పుడు ఆపాలో ముందే అలారం పెట్టుకోండి.

వారం తిరిగినా అదే మనిషి మీద అదే కోపం అవే మాటల్లో రాస్తుంటే అది చిక్కు విప్పుకోవడం కాదు, మళ్ళీ బిగించడం. అప్పుడు పేజీ మధ్యలో గీత కొట్టి కింద ఒకటే ప్రశ్నకి జవాబు రాయండి: రేపు నేను చెయ్యగలిగింది ఏమైనా ఉందా? లేదనే జవాబొచ్చినా రాయండి. నిద్ర, తిండి పాడయ్యేంతగా బాధ ఉంటే డైరీతో సరిపెట్టుకోవద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ వాళ్ళ 14416 నంబరుకి ఎప్పుడు చేసినా పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

పక్కమీద పడుకుని రేపటి పనులు తలలో తిరిగేవాళ్ళకి ఇంకో రకం రాత ఉంది. 2018లో మైకేల్ స్కల్లిన్ బృందం 57 మందితో నిద్ర ప్రయోగశాలలో చూసింది. పడుకునేముందు 5 నిమిషాలు చెయ్యాల్సిన పనుల జాబితా రాసినవాళ్ళు, అయిపోయిన పనులు రాసినవాళ్ళకంటే సుమారు 9 నిమిషాలు ముందుగా నిద్రపోయారు. జాబితా ఎంత వివరంగా ఉంటే నిద్ర అంత త్వరగా పట్టింది. దాన్ని పుస్తకం వెనక పేజీల నుంచి మొదలుపెడితే డైరీలో కలవదు.

ఎవరైనా చదివితే?

రెండు గదుల ఇంట్లో అయిదుగురున్నప్పుడు ఇది పెద్ద అడ్డంకే. చదువుతారన్న భయం ఉన్న పుస్తకంలో మనిషి నిజం రాయడు, నిజం లేని డైరీ ఎక్కువకాలం నడవదు. దాచిపెడితే ఆసక్తి పెరుగుతుంది. దానికంటే ‘ఇది నేను రాసుకునేది, చదవొద్దు’ అని ఒకసారి మామూలుగా చెప్పడం మేలు. చెప్పినా ఆగరనిపిస్తే, ఇంట్లోవాళ్ళ మీద కోపం వచ్చిన రోజుల రాతని పాస్‌వర్డ్ ఉన్న ఫోన్ నోట్సులో పెట్టండి, పుస్తకంలో చూసినవీ విన్నవీ ఉంచండి. లేదంటే విడికాగితం మీద రాసి చింపేయండి, రాసినందువల్ల వచ్చే తేలిక చింపినా పోదు. ఏటీఎం పిన్ను, పాస్‌వర్డులు ఇందులో ఎప్పుడూ వద్దు.

పిల్లల డైరీ పెద్దలు చదవకూడదు. ఒకసారి చదివారని తెలిస్తే ఆ పిల్ల మళ్ళీ పెన్ను పట్టదు.

ఫోనులో రాస్తే?

రాయొచ్చు. తెలుగులో మాట్లాడితే అదే టైపు చేస్తుంది, వేళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి అది వరమే. ఇబ్బంది ఏమిటంటే నోట్సు తెరిచేలోపు వాట్సాప్ పిలుస్తుంది. వేళ్ళతో టైపు చేస్తుంటే ఫ్లైట్ మోడ్ పెట్టి రాయండి. ఒక్క యాప్‌లోనే రాయండి, బ్యాకప్ ఉందో లేదో చూసుకోండి. నా ఓటు కాగితానికే.

ఆగిపోయినప్పుడు

ఆగుతుంది. పెళ్ళిళ్ళు, పరీక్షలు, జ్వరాలు, తుపాను సెలవులు, ఊరి ప్రయాణాలు ఎలాగూ వస్తాయి. ఇరవయ్యొక్క రోజులు చేస్తే అలవాటైపోతుందన్న మాట నమ్మకండి. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 12 వారాలు గమనించింది. భోజనంతో పండు తినడం, పరుగుకి వెళ్ళడం లాంటి చిన్న పనులు వాటంతటవే జరిగే దశకి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, పనిని బట్టి ఆ లెక్క 18 రోజుల నుంచి 254 దాకా మారింది (12 వారాలు దాటినవి అంచనా లెక్కలు). మధ్యలో ఒక రోజు తప్పినందువల్ల చెప్పుకోదగ్గ నష్టం జరగలేదని కూడా వాళ్ళు చూశారు.

కాబట్టి తిరిగి మొదలుపెట్టినప్పుడు మూడు పనులు చెయ్యకండి. తప్పిన రోజులు గుర్తు తెచ్చుకుని నింపొద్దు. ‘సారీ డైరీ, చాలా రోజులైంది’ అని రాయొద్దు. కొత్త పుస్తకం కొనొద్దు. పాత రాత కింద ఒక గీత, దాని కింద ఈ రోజు తేదీ, అంతే. సంక్రాంతికి ఊరెళ్ళేటప్పుడు పెద్ద పుస్తకం మొయ్యక్కర్లేదు, జేబు పుస్తకంలో రాసి తెచ్చి ఆ కాగితాన్ని ఇందులో అంటించండి.

నెలలో సగానికి పైగా తప్పుతుంటే లోపం మీలో వెతక్కండి. కట్టిన పని తప్పు అయ్యుంటుంది. స్టవ్ తుడిచాక కుదరడం లేదంటే పొద్దున్న కాఫీకి మార్చి, నిన్నటి సంగతులు రాయండి. నిద్రపోయి లేచాక గుర్తున్నవే రాస్తే చెత్త దానంతటదే జల్లెడ పడుతుంది. నా మటుకు నేను పొద్దుటి రాతనే ఇష్టపడతాను.

తిరగేయడం

తిరగేయని డైరీ రాయాలనిపించదు. నెలలో ఒక ఆదివారం పాత నెల చదవండి. మళ్ళీ కావాల్సినవాటి పక్కన గీత పెట్టండి. పేజీలకి నంబర్లు వేసి, చివరి పేజీలో చిన్న సూచిక రాసుకోండి: ‘పాప జ్వరం 41, ఫ్రిజ్ రిపేరు 57, సింహాచలం చందనోత్సవం 72’. డాక్టరు ‘ఈ నొప్పి ఎప్పటి నుంచి?’ అన్నప్పుడు ఆ సూచిక విలువ తెలుస్తుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖని తాకింది. ఆ తర్వాత ఊళ్ళో కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు. ఇప్పుడు ఏ ఇంట్లోనైనా కూర్చుని, మన వీధికి కరెంటు ఏ రోజు వచ్చింది, నీళ్ళ ట్యాంకరు ముందొచ్చిందా పాలు ముందొచ్చాయా అని అడగండి. నలుగురూ నాలుగు రకాలుగా చెప్పి వాదించుకుంటారు. ఆ వారం తేదీ వేసి రోజుకో వాక్యం రాసుకున్నవాళ్ళకి ఆ వాదన అక్కర్లేదు. పెద్ద తుపానుల గురించి పేపర్లు రాస్తాయి. మీ వీధికి కరెంటొచ్చిన రోజు మీరు రాస్తేనే ఉంటుంది.

నిండిన పుస్తకాలు

పుస్తకంలో పది పేజీలు మిగిలి ఉండగానే రెండోది కొని పక్కన పెట్టండి, ‘రేపు కొందాం’ అన్న ఖాళీలోనే చాలా డైరీలు ఆగిపోతాయి. నిండినదాని అట్ట మీద మొదటి తేదీ, చివరి తేదీ వేయండి. సముద్రం దగ్గరి ఇళ్ళలో బయటి గోడకి ఆనించిన షెల్ఫులో, అన్నిటికంటే కింది అరలో పెట్టకండి. వానాకాలంలో గోడ చెమ్మ కాగితానికి ఎక్కుతుంది, చెదలు కూడా అటు నుంచే వస్తాయి. మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బాలో, కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు మూడు వేసి ఉంచండి. వానలు తగ్గాక ఒకసారి తీసి, నీడలో ఫ్యాను కింద పేజీలు విప్పి ఆరబెట్టండి. ఎండలో పెడితే ఇంకు వెలిసిపోతుంది. ముఖ్యమైన పేజీలు ఫోన్‌తో ఫొటో తీసి ఒకచోట దాచండి. మీ తర్వాత వీటిని ఎవరు చదవొచ్చో, లేదా చదవకుండా కాల్చేయాలో, మొదటి పుస్తకం అట్ట లోపల రాసి సంతకం పెట్టండి.